పళ్ళు జివ్వుమనడం – ఫ్లోరైడ్ ద్రావణ చికిత్స: శాస్త్రం, పరిభాష, అన్వయం

వ్యాససంగ్రహం:
చల్లని నీరు, పులుపు, తీపి, గాలి తగిలినప్పుడు పళ్ళు క్షణకాలం జివ్వుమనే స్థితిని దంతవైద్యులు డెంటిన్ అతిసున్నితత్వం అంటారు. దీనికి ఫ్లోరైడ్ ద్రావణాన్ని, ఫ్లోరైడ్ పూతను వాడడం ఎనిమిది దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. తెలుగు నేలపై మాత్రం ఫ్లోరైడ్ అనే మాటకు నల్లగొండ, పొదిలి, దర్శి ప్రాంతాల అనుభవం వల్ల వేరొక అర్థం స్థిరపడింది. ఈ వ్యాసం ఆ చికిత్స పనిచేసే తీరును వివరిస్తూ, రోగి మాటకూ వైద్యుని మాటకూ మధ్య ఉన్న అంతరాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దంతహర్షం, డెంటిన్, ఫ్లోరైడ్ ద్రావణం, ఫ్లోరోసిస్, వైద్య పరిభాష, రోగి సూచనలు.

1. ఉపోద్ఘాతం

పచ్చి మామిడికాయ కొరికితే పళ్ళు పులుస్తాయి. మంచు నీళ్ళు తాగితే జివ్వుమంటాయి. పుచ్చిన పన్ను పోటు పెడుతుంది. వాచిన చిగురు సలుపుతుంది. నోటిలోని బాధను చెప్పడానికి తెలుగులో ఉన్న ఈ క్రియలు పర్యాయపదాలు కావు. ఒకదాని స్థానంలో మరొకటి వేస్తే వినేవారికి వేరే బాధ స్ఫురిస్తుంది. పోటు రాత్రివేళ కారణం లేకుండా మొదలై నిలిచి ఉంటుంది. సలుపు నాడి కొట్టుకున్నట్లు లయతో వస్తుంది. జివ్వుమనడం మాత్రం ఏదో ఒకటి తగిలినప్పుడే కలిగి, అది తొలగగానే పోతుంది.

దంతవైద్యశాస్త్రం డెంటిన్ అతిసున్నితత్వానికి ఇచ్చే నిర్వచనం దీనికి చాలా దగ్గరగా ఉంది. బయటపడిన డెంటిన్‌కు వేడి, చలి, గాలి, స్పర్శ, తీపి లేదా పులుపు వంటి ప్రేరణ తగిలినప్పుడు కలిగే, స్వల్పకాలం ఉండే, తీక్ష్ణమైన నొప్పి అది. పంటికి సంబంధించిన మరే లోపమూ ఆ నొప్పికి కారణం కాకూడదు. నిర్వచనంలోని ఈ చివరి షరతు ముఖ్యమైనది. పుచ్చు, పగులు, వదులైన పూరణం, దంతమజ్జ వాపు వంటివి లేవని తేల్చుకొన్న తర్వాతనే ఈ పేరు పెట్టాలి. రోగి "జివ్వుమంటోంది" అన్నాడా, "పోటు పెడుతోంది" అన్నాడా అనేది ఆ నిర్ధారణకు తొలి ఆధారం. ఆ రెండింటినీ కేసు పత్రంలో 'నొప్పి' అని ఒకే మాటగా రాసుకొంటే ఆ ఆధారం అక్కడే పోతుంది.

ప్రకటనల భాష ఈ స్థితికి 'సున్నితత్వం' అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది. తెలుగులో సున్నితం అంటే మృదువైనది, నాజూకైనది. సున్నితమైన మనసు, సున్నితమైన హాస్యం అనేవి మెచ్చుకోలు మాటలు. సున్నితమైన పళ్ళు అనడంలో బాధ వినిపించదు. ఇది ఇంగ్లీషు పదానికి నిఘంటువులో దొరికిన సమానార్థకమే గాని, బాధపడేవాని నోటి నుంచి వచ్చిన మాట కాదు.

2. దంతహర్షం

ఈ బాధను వైద్యులు గుర్తించడం కొత్తగా జరిగినది కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానంలోని ముఖరోగ ప్రకరణం దంతాలకు వచ్చే ఎనిమిది వ్యాధులను లెక్కించి, వాటిలో దంతహర్షాన్ని చేర్చింది. చలినీ, వేడినీ, స్పర్శనూ పళ్ళు సహించలేకపోవడం దాని లక్షణం. కారణం వాతమని ఆ గ్రంథం చెబుతుంది. వాగ్భటుని అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో గాలి, పులుపు, చల్లని ఆహారం అనే మూడింటినీ పళ్ళు ఓర్వలేకపోవడంగా దీన్ని వర్ణించింది. గాలిని విడిగా పేర్కొనడం గమనార్హం. నేటి దంతవైద్యుడు ఈ స్థితిని పరీక్షించడానికి పంటిమీదికి చిన్న గొట్టంతో గాలి ఊదుతాడు.

హర్షం అనే మాటకు సంతోషమనే అర్థమే తెలుగువారికి పరిచితం. ధాతువుకు మూలార్థం నిక్కబొడుచుకొనడం. రోమహర్షంలో ఉన్నది ఆ అర్థమే. వెంట్రుకలు నిక్కినట్లు పళ్ళు ఒక్కసారిగా ఉలిక్కిపడడం దంతహర్షం. 'జివ్వు' అనే ధ్వన్యనుకరణం చెప్పేదీ అదే అనుభవాన్ని. 'సున్నితత్వం' కంటే ఈ రెండు మాటలూ విషయాన్ని సూటిగా పట్టుకొన్నాయనడంలో సందేహం లేదు. అయితే ప్రాచీనుల వాతాన్ని ఆధునికుల ద్రవచలనంతో సమానం చేసి చూపడం సరికాదు. లక్షణాన్ని గమనించడంలో మాత్రమే పోలిక ఉంది. వివరణలో లేదు.

3. పంటి లోపల జరిగేది

పంటి పైభాగాన్ని కప్పి ఉండే ఎనామెల్‌లో బరువు ప్రకారం సుమారు 96 శాతం ఖనిజమే. పాఠ్యపుస్తకాలు పింగాణి అని పిలిచే ఈ పొరకు నరాలు లేవు. దాని కింద ఉన్న డెంటిన్‌లో ఖనిజం సుమారు 70 శాతం. మిగిలినది కొల్లాజెన్ వంటి సేంద్రియ పదార్థం, నీరు. డెంటిన్ గట్టిగా కనిపించినా లోపల బోలుగా ఉంటుంది. దంతమజ్జ నుంచి వెలుపలి వైపునకు అతిసన్నని నాళికలు వేల సంఖ్యలో సాగుతాయి. వెలుపలి అంచు దగ్గర ఒక చదరపు మిల్లీమీటరులో సుమారు 20,000 నాళికలు ఉంటే, మజ్జ దగ్గర వాటి సాంద్రత రెట్టింపు దాటుతుంది. ఒక్కో నాళిక వ్యాసం మజ్జ దగ్గర సుమారు రెండున్నర మైక్రోమీటర్లు, వెలుపల ఒక మైక్రోమీటరు కంటె తక్కువ. వీటి నిండా ద్రవం ఉంటుంది.

చలి తగిలింది పంటి ఉపరితలానికి. నరం ఉన్నది లోపల. ఈ రెండింటినీ కలిపేది ఆ ద్రవం. 1900లో జూరిచ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ గీసీ ఈ ఊహను ప్రతిపాదించాడు. 1960ల్లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగాలతో దాన్ని బలపరిచాడు. చల్లదనానికి నాళికలోని ద్రవం వెలుపలికి కదులుతుంది. గాలి ఊదితే పైభాగంలోని తడి ఆరి, లోపలి ద్రవం పైకి లాగబడుతుంది. తీపి, ఉప్పు వంటి గాఢ ద్రావణాలు ద్రవాభిసరణం వల్ల అదే పని చేస్తాయి. ఆ కదలికకు మజ్జ అంచున ఉన్న నాడీతంతువులు స్పందిస్తాయి. దీన్ని ద్రవచలన సిద్ధాంతం అంటారు.

ఈ సిద్ధాంతానికి 1987లో బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశీలన మంచి ఊతమిచ్చింది. జివ్వుమనే పళ్ళలో తెరుచుకొని ఉన్న నాళికలు మామూలు పళ్ళలో కంటె దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువగా, వాటి వ్యాసం దాదాపు రెట్టింపుగా కనిపించింది. సన్నని గొట్టంలో ద్రవప్రవాహం వ్యాసార్థపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనుక, వ్యాసం రెట్టింపయితే ప్రవాహం పదహారు రెట్లవుతుంది. చికిత్సకు మార్గం కూడా ఈ లెక్కలోనే ఉంది. నాళిక పూర్తిగా మూసుకోకపోయినా, దాని నోరు సగానికి కుంచించుకుపోతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది.

4. 'తోమడం' తెచ్చే చిక్కు

డెంటిన్ బయటపడడానికి చిగురు కిందికి జారడం, ఎనామెల్ అరగడం ప్రధాన కారణాలు. పుల్లని పానీయాలు, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం ఎనామెల్‌ను మెత్తబరుస్తాయి. మెత్తబడిన పొరను గట్టి కుంచె గీకేస్తుంది. జివ్వుమనే పళ్ళు ఎక్కువగా కోరపళ్ళు, వాటి పక్కనున్న చిన్న దవడపళ్ళు. కుడిచేతివాటం వారిలో ఎడమవైపు పళ్ళకే బాధ ఎక్కువగా కనిపించడం తోముకొనే తీరుకు సాక్ష్యం.

ఇక్కడ తెలుగు క్రియను కొంచెం ఆగి చూడవలసి ఉంది. మనం అంట్లు తోముతాం, పళ్ళూ తోముతాం. బొగ్గుపొడి, కచ్చిక, ఇటుకపొడి, ఇసుక వంటివి గిన్నెలకూ పళ్ళకూ ఒకే విధంగా వాడుకలో ఉండేవి. గిన్నె మెరవాలంటే గట్టిగా రుద్దాలి. ఆ భావన క్రియతోపాటు పంటికీ సంక్రమించింది. మెత్తని కుంచెతో చిగురు అంచున నెమ్మదిగా తిప్పమని చెప్పవలసిన వైద్యుడు "సరిగా తోముకోండి" అంటే, వినేవాడు ఇంకా గట్టిగా రుద్దుతాడు. సలహా వ్యాధికారణంగా మారడానికి అక్కడ ఒక్క క్రియ చాలు.

5. ఫ్లోరైడ్ ద్రావణం

5.1 చరిత్ర
బయటపడిన డెంటిన్‌కు ఫ్లోరైడ్ వాడవచ్చని లుకోమ్‌స్కీ 1941లో ప్రతిపాదించాడు. 1943లో అమెరికాలో హోయ్ట్, బిబ్బీ సోడియం ఫ్లోరైడ్, తెల్ల బంకమట్టి, గ్లిజరిన్ సమభాగాలుగా కలిపిన ముద్దను పంటిమీద రుద్ది ఫలితం చూశారు. అదే దశాబ్దంలో పిప్పిపళ్ళ నివారణకు నట్సన్ 2 శాతం సోడియం ఫ్లోరైడ్ ద్రావణ పద్ధతిని రూపొందించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ 1960ల్లో జర్మనీలో మొదలైంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1994లో ఈ వార్నిష్‌ను అనుమతించినది పళ్ళు జివ్వుమనడాన్ని తగ్గించే సాధనంగానే. పుచ్చును నివారించడానికి దాన్ని విరివిగా వాడడం ఆ అనుమతికి వెలుపల జరిగిన వ్యవహారం. ప్రధానోపయోగమని లోకం అనుకొనేది కాగితంమీద అనుబంధంగా కూడా లేకపోవడం వైద్యచరిత్రలో అరుదేమీ కాదు.

5.2 రసాయన క్రియ
గాఢమైన ఫ్లోరైడ్ ద్రావణం పంటికి తగిలినప్పుడు అక్కడి కాల్షియంతో కలిసి కాల్షియం ఫ్లోరైడ్ కణాలుగా అవక్షేపిస్తుంది. ఈ కణాలు ఉపరితలంమీద, నాళికల నోళ్ళలో పేరుకొని ద్రవం కదలికను తగ్గిస్తాయి. రెండో ప్రయోజనం నెమ్మదిగా వస్తుంది. ఆ కణాల నుంచి విడుదలయ్యే ఫ్లోరైడ్ పంటి ఖనిజంలో చేరి, దాన్ని ఆమ్లానికి లొంగని విధంగా మారుస్తుంది. ఎనామెల్ ఖనిజం పీహెచ్ సుమారు 5.5 దగ్గర కరగడం మొదలుపెడితే, ఫ్లోరైడ్ చేరిన ఖనిజం సుమారు 4.5 వరకు నిలుస్తుంది. వేరుభాగపు డెంటిన్ అంతకంటె బలహీనం. పీహెచ్ 6 దాటి ఉన్నప్పుడే కరగగలదు. అందుకే చిగురు జారినవారికి ఈ రక్షణ మరింత అవసరం.

5.3 ప్రయోగ విధానం
2 శాతం ద్రావణం అంటే లీటరు స్వేదనజలంలో 20 గ్రాముల సోడియం ఫ్లోరైడ్. దాన్ని ప్లాస్టిక్ సీసాలోనే నిలువ ఉంచాలి. గాజులోని సిలికాతో ఫ్లోరైడ్ కలిసిపోతే పంటికి అందవలసినది తగ్గిపోతుంది. మొదట పళ్ళను శుభ్రం చేసి, దూది చుట్టలతో లాలాజలాన్ని వేరుచేసి, గాలితో ఆరబెట్టాలి. పంటిమీద ద్రావణాన్ని తడిపి, సుమారు నాలుగు నిమిషాలు అలాగే ఆరనివ్వాలి. నట్సన్ పద్ధతిలో వారానికొకసారి చొప్పున నాలుగుసార్లు ఇలా చేస్తారు. అస్తమానం తిరిగి తిరిగి పూయకుండా ఒకేసారి తడిపి వదిలేయడానికి కారణం ఉంది. మొదట ఏర్పడే కాల్షియం ఫ్లోరైడ్ పొరే ఆ తర్వాతి ఫ్లోరైడ్ లోపలికి చొరకుండా అడ్డుపడుతుంది. కాబట్టి మరింత పూస్తే మరింత గుణం అనే లెక్క ఇక్కడ చెల్లదు.

జివ్వుమనే పంటిని గాలితో ఆరబెట్టడమే బాధ కనుక, అటువంటి రోగికి దూదితో అద్ది ఆరబెట్టడం మేలు. వార్నిష్‌కు ఈ ఇబ్బంది తక్కువ. తడి తగిలితే గట్టిపడే జిగురు కావడం వల్ల అది పంటిని పట్టుకొని కొన్ని గంటలు ఉంటుంది. దీనిలో గ్రాముకు 22.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. చెట్ల నుంచి తీసే రోజన్ అనే జిగురు దీనిలో కలుస్తుంది. దానికి అలర్జీ ఉన్నవారికి పూయరాదు. స్టానస్ ఫ్లోరైడ్ నాళికలను తగరం సమ్మేళనాలతో మూస్తుంది. కొందరిలో పళ్ళమీద గోధుమరంగు మరకలు వేస్తుంది. 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ కూడా అమెరికాలో 2014లో జివ్వుమనడానికే అనుమతి పొందింది. అది పుచ్చిన చోటును నల్లబరుస్తుంది కనుక కనిపించే ముందుపళ్ళకు వెనుకాడతారు.

5.4 పరిమితులు
కాల్షియం ఫ్లోరైడ్ కణాలు నాళిక నోటికంటె చాలా చిన్నవి. ఒక్కసారి పూసినంత మాత్రాన నోరు నిండకపోవచ్చు. పేరుకొన్నది కూడా లాలాజలంలో క్రమంగా కరుగుతుంది. పుల్లని పానీయం తాగితే ఇంకా త్వరగా పోతుంది. అందువల్ల ఈ చికిత్స కొన్ని వారాలకో, నెలలకో మళ్ళీ చేయవలసినదే. ఈ రంగంలోని పరీక్షలలో మందు లేని పూత పొందినవారు కూడా గణనీయంగా ఉపశమనం చెప్పడం తరచు కనిపించే విషయం. బాధ కొలత రోగి మాటమీదనే ఆధారపడినప్పుడు ఇది తప్పదు. కాబట్టి ఫ్లోరైడ్‌ను రామబాణంగా చెప్పే ప్రకటనలను అంగీకరించలేం. నరం స్పందనను తగ్గించే 5 శాతం పొటాషియం నైట్రేట్ పేస్టు, అవసరమైతే చిగురు శస్త్రచికిత్స, పూరణం వంటి ఇతర మార్గాలూ ఉన్నాయి. తోముకొనే తీరు, పుల్లని తిండి అలవాటు మారకుండా పూత ఒక్కటే నిలబడదు.

6. ఒక మాటకు రెండు చరిత్రలు

తెలుగు పాఠకునికి ఫ్లోరైడ్ అనే మాట దంతవైద్యశాల నుంచి రాలేదు. బోరుబావి నుంచి వచ్చింది. భారతదేశంలో స్థానికవ్యాధిగా ఫ్లోరోసిస్‌ను వివరించిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937లో వెలువడింది. షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన ఆ నివేదికలోని గ్రామాలు అప్పటి నెల్లూరు జిల్లాలోనివి. ఆ పొదిలి, దర్శి ప్రాంతాలు తర్వాత ప్రకాశం జిల్లాలో చేరాయి. ఆ తర్వాత నల్లగొండ పేరు ఈ వ్యాధికి పర్యాయంగా మారింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు రావడం, ఒక జిల్లా తన బాధ వల్ల శాస్త్ర పరిభాషలోకి ఎక్కిన ఉదాహరణ.

గారపట్టిన పళ్ళు, వంగిన వెన్ను, చాచలేని మోకాళ్ళు చూస్తూ పెరిగిన వ్యక్తి, ఫ్లోరైడ్ పూస్తామని వైద్యుడు అన్నప్పుడు వెనక్కి తగ్గడం అజ్ఞానం కాదు. అది అనుభవం నేర్పిన జాగ్రత్త. దానికి జవాబు "ఇది వేరు" అని కొట్టిపారేయడం కాదు, ఎందుకు వేరో చెప్పడం.

భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనప్పుడు గరిష్ఠంగా 1.5. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని ఎండలో పనిచేసే రైతు రోజుకు 3 లీటర్లు తాగితే, నీటి ద్వారానే రోజూ 9 మిల్లీగ్రాములు శరీరంలో చేరుతుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే అది ఎముకలో కూడుతుంది. వార్నిష్ నోరంతా పూసినా సుమారు అర మిల్లీలీటరు. దానిలో ఫ్లోరైడ్ సుమారు 11 మిల్లీగ్రాములు. అది ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే, అదీ పంటిని పట్టుకొని ఉండేది. జివ్వుమనే రెండు మూడు పళ్ళకు మాత్రమే పూస్తే దానిలో కొద్దిభాగమే సరిపోతుంది. ఒకటి లోపలికి తీసుకొనే ఫ్లోరైడ్, నిత్యం. మరొకటి పైన పూసే ఫ్లోరైడ్, అప్పుడప్పుడు.

వయసు కూడా లెక్కలోకి రావాలి. పళ్ళమీద ఫ్లోరోసిస్ మచ్చలు ఏర్పడేది ఎనామెల్ తయారయ్యే దశలో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ వయసు లోపు మింగిన ఫ్లోరైడ్ వల్ల. మొలిచిన పంటిమీద పూత పూస్తే ఆ పంటికి కొత్తగా మచ్చ రాదు. పిల్లలు పేస్టు మింగకుండా చూడమనేది, ఆరేళ్ళలోపు వారికి ఫ్లోరైడ్ పుక్కిలి మందు ఇవ్వవద్దనేది ఇందుకే. ద్రావణం సీసా విషయంలో మరింత కఠినత అవసరం. 2 శాతం ద్రావణం మిల్లీలీటరులో సుమారు 9 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు దాటితే విషప్రభావం సంభవమని భావించి ఆసుపత్రికి తరలించాలన్నది అంగీకృత ప్రమాణం. 15 కిలోల పిల్లవాడికి ఆ హద్దు ఎనిమిది మిల్లీలీటర్లకే వస్తుంది. అంటే రెండు చెంచాలు కూడా కాదు.

మరొక వైపు కూడా చెప్పాలి. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో ఎనామెల్ గుల్లబారి, పంటి మొలక తర్వాత పెచ్చులూడుతుంది. లోపలి డెంటిన్ బయటపడితే ఆ పళ్ళూ జివ్వుమంటాయి. బాల్యంలో ఫ్లోరైడ్ నీటి వల్ల పాడైన పంటికి పెద్దయ్యాక ఫ్లోరైడ్ పూత సూచించే పరిస్థితి ఇది. రోగికి ఇది పరిహాసంగా తోచే అవకాశం ఉంది. ఇక్కడ వివరణ చికిత్సలో భాగం కావాలి. ఆ ఊరి నీటిని పరీక్షించారా అని అడగడం, తాగడానికీ వండడానికీ వాడే నీరు మార్చమని చెప్పడం పూతకంటె ముందు జరగాలి.

7. సూచనల పత్రం భాష

వార్నిష్ పూసిన తర్వాత ఇచ్చే సూచనలు సాధారణంగా ఇంగ్లీషు నుంచి మాటకు మాట వస్తాయి. వాటిలో ఎక్కువగా దారితప్పేది పుక్కిలింత. ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు శుభ్రం చేసుకొన్నాక నురగను ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా ఉంటే పలుచని ఫ్లోరైడ్ పొర పంటిమీద మిగులుతుంది. తెలుగువారికి మాత్రం పుక్కిలించకపోతే ముఖం కడుక్కొన్నట్లే కాదు. ఇది శుచికి సంబంధించిన అలవాటు కనుక, "పుక్కిలించవద్దు" అన్న ఒక్క ఆజ్ఞ నిలవదు. "నురగ బాగా ఉమ్మేయండి. తప్పనిసరైతే ఒక్క గుక్క నీటితో ఒకేసారి కడుక్కోండి. అరగంట వరకు ఏమీ తాగవద్దు" అంటే పాటించడం సాధ్యమవుతుంది.

పూత పూసిన రోజుకు సంబంధించిన వాక్యాలూ ఇలాగే ఉండాలి. "ఈ పూట వేడి కాఫీ, టీ వద్దు. పెరుగన్నం వంటి మెత్తనివి తినండి. ఈ రాత్రి పళ్ళు తోమవద్దు. పళ్ళు కాసేపు పచ్చగా కనిపిస్తే కంగారు పడకండి, రేపు శుభ్రం చేసుకొంటే పోతుంది." తెలంగాణలో పత్రం రాసేవారు 'పండ్లు' అని రాయడానికి సంకోచించనక్కరలేదు. అక్కడి రోగి పలికే మాట అదే. 'సున్నితత్వం' స్థానంలో 'జివ్వుమనడం' అని రాస్తే శాస్త్రీయత తగ్గదు. 'ఫ్లోరైడ్ చికిత్స' అనే ముక్తసరి మాటకు బదులు 'పైపూత ఫ్లోరైడ్' అని రాసి, 'తాగునీటి ఫ్లోరైడ్'తో దాని భేదాన్ని రెండు వాక్యాల్లో చెబితే, సంతకం పెట్టేవాడికి తాను దేనికి ఒప్పుకొంటున్నాడో తెలుస్తుంది.

పత్రంలో సాధారణంగా అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఒక వాక్యం మాత్రం పైకి రావాలి. జివ్వుమనడం క్షణంలో పోకుండా నిలిచి ఉన్నా, ఏమీ తగలకుండానే నొప్పి వచ్చినా, రాత్రి నిద్ర లేపినా అది ఈ పూతతో పోయే బాధ కాదు. అప్పుడు రోగి మళ్ళీ పూత కోసం కాక, పన్ను పరీక్ష కోసం రావాలి.